అమీర్‌పేటలో అడాప్టివ్ ట్రయల్స్ కోర్సు: డబ్బులకు తగ్గ చదువేనా?

అమీర్‌పేటలో క్లినికల్ సాస్ (మందుల ట్రయల్స్ డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్) నేర్పే ఇన్‌స్టిట్యూట్లకు కొదవ లేదు. మైత్రీవనం నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా నడిస్తే మెట్టుకో బోర్డు. అడాప్టివ్ ట్రయల్ డిజైన్ (ముందే రాసుకున్న నిబంధనల ప్రకారం మధ్యలో దారి మార్చుకునేలా మందుల పరీక్షను కట్టడం) అని బోర్డు పెట్టింది మాత్రం నేను చూసినంతలో ఇదొక్కటే. వీకెండ్ బ్యాచ్, శని ఆదివారాలు పొద్దున పూట, రెండు నెలలు. ఫీజు 18 వేలు అన్నారు, బేరమాడితే 15 వేలకు దిగారు. నెట్‌లో దీని మీద ఉన్న రివ్యూలన్నీ "సూపర్ ఫ్యాకల్టీ", "గుడ్ ఎక్స్‌పీరియన్స్" బాపతు. చేరాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లకు వాటితో ఒరిగేదేమీ లేదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి గనక. ఆ వీధిలో వాకబు చేస్తే ఎవరైనా చెప్తారు.

నేను మాదాపూర్‌లో ఒక సీఆర్‌ఓలో, అంటే మందుల కంపెనీల కోసం ట్రయల్స్ పని చేసిపెట్టే సంస్థలో, స్టాటిస్టికల్ ప్రోగ్రామర్‌ని. టేబుల్స్, లిస్టింగ్స్, ఫిగర్స్, మళ్లీ టేబుల్స్, ఇదే నా బతుకు. ఈ మధ్య ఒక స్టడీలో ఇంటెరిమ్ అనాలిసిస్ (ట్రయల్ మధ్యలో చూసే లెక్క) కోసం నన్ను అన్‌బ్లైండెడ్ టీంలో, అంటే ఎవరికి ఏ మందు వెళ్లిందో తెలిసే టీంలో, వేశారు. కోడ్ రాసిచ్చాను, ట్రయల్ కొనసాగించాలా ఆపాలా అని చూసే డేటా మానిటరింగ్ కమిటీకి అవుట్‌పుట్ వెళ్లింది, వాళ్లు కొనసాగించండి అన్నారు. నేనిచ్చిన ఆ ఒక్క సంఖ్యను చూసి అంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకున్నారో నాకు అంతుబట్టలేదు. టీం లీడ్‌ని అడిగితే "స్పెసిఫికేషన్ ప్రకారం చేశావుగా, ఇంకెందుకు టెన్షన్" అన్నాడు. ఆ ఉక్రోషంతో వెళ్లి చేరాను.

ముందు మంచి చెప్తాను. సార్ మంచివారు, అసలు ఈ కోర్సు అంటే ఆయనే. చాలా కాలం బయోస్టాటిస్టిక్స్ ఉద్యోగం చేసి వచ్చారు. మొదటి క్లాసులో స్లైడ్లు లేవు, పరిచయాలు లేవు. బోర్డు మీద 145, 118, 121 అని మూడు సంఖ్యలు రాసి, "మూడు మందులు, రోగులను మూడింటికీ సమానంగా పంచుదామని మొదలెట్టారు, చివరికి ఇలా తేలింది. ఎందుకో చెప్పండి" అన్నారు. ఎవరో డ్రాపౌట్స్ అన్నారు, ఇంకెవరో డేటా ఎర్రర్ అన్నారు. నేను స్ట్రాటిఫికేషన్ (రోగులను ముందే గుంపులుగా విడదీయడం) అన్నాను. ఆయన ఏదీ ఒప్పుకోలేదు, జవాబూ చెప్పలేదు. సగం కోర్సు ఆ మూడు అంకెల చుట్టూనే తిరిగింది.

ఆ ట్రయల్ పేరు ఈసెట్. అమెరికాలో 57 ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో 2015 నవంబరులో మొదలై, 2017 అక్టోబరు చివరి దాకా రోగులను చేర్చుకుంది. ఫలితాలు 2019 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. వర్జీనియా యూనివర్సిటీకి చెందిన జైదీప్ కపూర్ దీనికి ముందు నిలబడ్డ డాక్టరు. ఫిట్స్ వచ్చి ఆగకుండా కొడుతున్న మనిషిని ఆసుపత్రికి తెస్తే మొదట ఇచ్చేది లోరాజెపామ్, మిడజోలామ్ లాంటి బెంజోడయజెపీన్ మందు. ఆ మొదటి మెట్టు గురించి ర్యాంపార్ట్ అనే ఇంకో ట్రయల్ 2012లోనే తేల్చింది. అంబులెన్సులో నరం దొరకబుచ్చుకుని లోరాజెపామ్ ఎక్కించడం కంటే కండలోకి మిడజోలామ్ ఇంజెక్షన్ పొడవడం ఏమాత్రం తక్కువ కాదని, ఆసుపత్రి చేరేసరికి ఫిట్స్ ఆగినవాళ్లు మిడజోలామ్‌లో 73 శాతం, లోరాజెపామ్‌లో 63 శాతం అని. మరి దానికీ లొంగకపోతే? లెవెటిరాసిటామ్, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్, ఈ మూడింట్లో ఏది ఎక్కించాలన్నది అప్పటిదాకా ఏ ఆసుపత్రి అలవాటు ఆ ఆసుపత్రిదే. ఆ పంచాయితీ తీర్చడానికే ఈసెట్.

నాకు బాగా నచ్చిన క్లాసు మందు కలిపే లెక్క. డోసులు ఇచ్చారు: కేజీ బరువుకు లెవెటిరాసిటామ్ 60 మిల్లీగ్రాములు, ఫాస్‌ఫెనిటోయిన్ ఫెనిటోయిన్ లెక్కలో 20, వాల్‌ప్రోయేట్ 40. తర్వాత సీసాల్లో మందు గాఢత ఇచ్చారు: మిల్లీలీటరుకు 50, 16.66, 33.33. "భాగించండి" అన్నారు. మా బ్యాచ్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఎం.ఫార్మసీ అమ్మాయి ఒకతి ఉంది, ఫోను కూడా తీయకుండా "సార్, మూడూ 1.2" అనేసింది. ఏ మందైనా సరే కేజీకి 1.2 మిల్లీలీటర్లే! డోసుకు పైహద్దులు 4500, 1500, 3000 మిల్లీగ్రాములు, వాటిని కూడా భాగించి చూడండి, మూడూ 75 కేజీల దగ్గరే ఆగుతాయి, అంటే 90 మిల్లీలీటర్లు. ఏ సీసా అయినా ఒకేలా ఉంటుంది, పది నిమిషాల్లో ఎక్కుతుంది, ఏ మందు పోతోందో ఎక్కించే నర్సుకు తెలియదు, డాక్టరుకు తెలియదు. బ్లైండింగ్ అనే మాట ప్రోటోకాల్లో చూస్తూనే ఉంటాను, దాన్ని ఒకరు కూర్చుని ఇలా మిల్లీలీటర్లలో సాధించి ఉంటారని నాకెప్పుడూ తట్టలేదు. పైగా పేషెంటు కళ్ల ముందు కొట్టుకుంటుంటే కంప్యూటర్‌లో లాగిన్ అయ్యి ర్యాండమైజ్ చేసే, అంటే ఏ మందో చీటీ తీసే, తీరిక ఎవరికి ఉంటుంది? అందుకని ముందే సిద్ధం చేసిన పెట్టె ఎమర్జెన్సీలో ఉంటుంది, "తర్వాత వాడేది ఇదే" అని గుర్తుతో. దాన్ని తీసి వాడగానే ఇంకో పెట్టె ఆ స్థానంలోకి వస్తుంది.

సమ్మతి సంగతి దగ్గర క్లాసులో పెద్ద రభసే జరిగింది. స్పృహలో లేని మనిషి సంతకం పెట్టలేడు, ఇంట్లోవాళ్లు వచ్చేదాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో 1996 నుంచి దీనికి ఒక మినహాయింపు నిబంధన ఉంది. ముందుగా ఆ ప్రాంతపు జనంతో మాట్లాడి, ఇలా ఒక పరిశోధన జరగబోతోందని బహిరంగంగా ప్రకటించి, ఆ తర్వాత సమ్మతి లేకుండానే చేర్చుకోవచ్చు. వద్దనుకునేవాళ్లు చేతికి ఒక పట్టీ వేసుకోవచ్చు. "మన దగ్గర ఇలా చేస్తే పేషెంటు తాలూకు వాళ్లు క్యాజువాలిటీ అద్దాలు పగలగొడతారు" అని వెనక బెంచీ నుంచి ఒకాయన అన్నాడు. నిజమే కావచ్చు. సార్ అక్కడ చర్చ ఆపేసి ముందుకెళ్లారు, ఇంకో పావుగంట ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక అసలు విషయం, ట్రయల్ నడుస్తుండగానే నిబంధనల ప్రకారం దారి మార్చుకునే పద్ధతి. దీన్ని సార్ చరిత్రతో మొదలెట్టారు. బాగా పనిచేస్తున్నట్టు కనిపించే వైద్యం వైపు ఎక్కువమందిని పంపే ఆలోచన 1933లోనే థాంప్సన్ అనే ఆయన రాశాడట. 1985లో మిషిగన్‌లో బార్ట్‌లెట్ బృందం పసికందులకు ఎక్మో (ఊపిరితిత్తుల పనిని బయటి నుంచి చేసే యంత్రం) మీద అలాంటి ట్రయలే చేసింది. మొదటి బిడ్డకు ఎక్మో, బతికింది. రెండో బిడ్డకు మామూలు వైద్యం, దక్కలేదు. అక్కడి నుంచి చీటీల్లో ఎక్మో వాటా పెరిగిపోయి మిగతా 10 మందికీ ఎక్మోనే వచ్చింది, అందరూ బతికారు. మొత్తం 12 మంది, అవతలి పక్కన ఒక్క బిడ్డ. ఆ ఒక్క బిడ్డతో ఏం రుజువైనట్టు అని స్టాటిస్టిషియన్లు ఇన్నేళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ రోజు క్లాసు అయిపోయాక కూడా ఎవరూ లేవలేదు.

ఈసెట్ వాళ్లు ఆ గోతిలో పడకుండా జాగ్రత్త పడ్డారు. మొదటి 300 మందికి మూడు మందులూ సమానంగానే. అక్కడి నుంచి ప్రతి 100 మందికీ ఒకసారి లెక్క చూసి, ఏ మందు అత్యుత్తమం అయ్యే అవకాశం ఎక్కువగా కనబడితే దానివైపు కాస్త మొగ్గు. 400 నుంచి ఆపాలా వద్దా అన్న పరీక్ష కూడా మొదలు. ఒక మందే మేలు అన్న నమ్మకం 97.5 శాతం దాటితే గెలిచిందని ఆపేయొచ్చు. చివరిదాకా, అంటే 795 మంది దాకా లాగినా తేడా తేలే అవకాశం 5 శాతం కంటే తక్కువగా కనిపిస్తే ఇక చాలని ఆపేయొచ్చు. ఒక మందు 65 శాతం మందికి, మిగతా రెండూ 50 శాతం మందికి పనిచేస్తుంటే దాన్ని పట్టుకునే పవర్ (అవకాశం) 90 శాతం ఉండేలా కట్టారు. ఇదంతా ట్రయల్ మొదలవక ముందే కాగితం మీద ఉంది. "మధ్యలో బుద్ధి పుట్టి మార్చుకుంటే అది అడాప్టివ్ కాదు, దొంగ లెక్క" అని సార్ ప్రతి క్లాసులోనూ అంటారు, ఎం.ఫార్మసీ అమ్మాయి దాన్ని నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది.

400 దగ్గర లెక్క చూస్తే ట్రయల్ ఆగిపోయింది. 400 అంటే 384 మంది మనుషులు, వాళ్లలో కొందరు మళ్లీ ఫిట్స్‌తో వచ్చి చేరినందువల్ల ఇంకో 16 సార్లు. మందు మొదలెట్టిన గంటకు పైకి కనిపించే ఫిట్స్ ఆగి, స్పృహ మెరుగవుతూ ఉన్నవాళ్లు లెవెటిరాసిటామ్‌లో 47 శాతం, ఫాస్‌ఫెనిటోయిన్‌లో 45, వాల్‌ప్రోయేట్‌లో 46. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు "అంటే మూడూ ఫెయిలా సార్?" అన్నాడు. నాకు తెలిసి ఆఫీసులో సీనియర్లు కూడా ఫ్యూటిలిటీ (ఇక లాగినా తేడా తేలదని ఆపేయడం) అన్న మాట వినగానే ఇదే అనుకుంటారు. మందులేవీ ఫెయిల్ అవలేదు. బెంజోడయజెపీన్‌కు లొంగని ఫిట్స్‌లో దాదాపు సగం మందికి మూడూ పనిచేశాయి. వాటిలో విజేతను వెతకడం దండగ అని తేలిందంతే. ఎమర్జెన్సీ డాక్టరుకు ఇది చాలా పనికొచ్చే కబురు. అలమరలో ఏది చేతికందితే అది ఎక్కించు, తర్కించుకుంటూ నిమిషాలు పోగొట్టకు అని.

మూడు అంకెల గుట్టు అప్పుడు విడిపోయింది. 300 దాటాక మొగ్గు లెవెటిరాసిటామ్ వైపు పడింది, అందుకే 145. సార్ మా చేత ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మూడు లైన్లు రాయించారు. 145 మందిలో మందు పనిచేసినవాళ్లు 68, 118 మందిలో 53, 121 మందిలో 56 అని పెట్టి ఒక్కో మందుకూ బీటా డిస్ట్రిబ్యూషన్ (అసలు శాతం ఎంత ఉండొచ్చో చూపే పంపిణీ) నుంచి లక్ష సంఖ్యలు తీసి, ప్రతిసారీ ఎవరు పెద్దో లెక్కపెట్టమన్నారు. పేపర్లో మూడు మందులూ అత్యుత్తమం అయ్యే అవకాశాలు 0.41, 0.24, 0.35 అని ఉన్నాయి. నా స్క్రీన్ మీద వచ్చినవి వాటికి బాగా దగ్గరలో ఉన్నాయి. జర్నల్లో అచ్చయిన ఫలితం నా పాత లాప్‌టాప్‌లో క్షణంలో దిగితే వచ్చే ఆనందం ఆఫీసులో టేబుల్ వ్యాలిడేషన్ పాసైనప్పుడు రాదు. ఇంకో సంగతి, ఆ ముఖ్య ఫలితంలో పి వాల్యూ (తేడా యాదృచ్ఛికంగా వచ్చిందేమో తూచే మామూలు కొలత) లేదు. ఏ టేబుల్‌కైనా చివర పి వాల్యూ కాలమ్ పెట్టడం నాకు చేతి అలవాటు. అది లేకుండా కూడా ఒక ట్రయల్ నిలబడుతుందని కళ్లారా చూశాను.

ఇక్కడే నాకూ సార్‌కూ చిన్న వాదన. మూడు మందులూ సమానమే అయినప్పుడు లెవెటిరాసిటామ్ వైపు పడిన ఆ మొగ్గు వల్ల రోగులకు ఒరిగిందేమిటి? ఏమీ లేదు, అది కేవలం అప్పటిదాకా వచ్చిన డేటాలోని ఊగిసలాట. 795 అనుకున్నది 400తో ఆగిందంటే ఆ పుణ్యమంతా ఆపే నిబంధనది, పంపకం మార్చే నిబంధనది కాదు. ఇదే అడిగాను. "చెప్పమ్మా, ఒక మందు నిజంగా 65 ఉండుంటే?" అన్నారాయన. ఉండుంటే మొగ్గు పనికొచ్చేదే, కాదనను. కానీ బ్రోషర్ మొదలుకొని స్లైడ్ల దాకా అంతా ఆ పంపకం గురించే ఊదరగొట్టి, ఆపే నిబంధనకు ఒక్క క్లాసు ఇచ్చారు. కాలం గడిచేకొద్దీ వచ్చే రోగుల తీరు మారితే ఈ మొగ్గు లెక్కను ఎలా తప్పుదారి పట్టిస్తుందన్నది అసలు ముట్టుకోలేదు. కోర్సు మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. అదే 2019లో లాన్సెట్‌లో వచ్చిన కాన్‌సెప్ట్, ఎక్లిప్స్ ట్రయల్స్ రెండూ పిల్లల్లో లెవెటిరాసిటామ్‌ను ఫెనిటోయిన్‌తో మామూలు సగం-సగం పద్ధతిలో పోల్చాయి, అవీ తేడా లేదనే తేల్చాయి. వాటిని పక్కన పెట్టి చదివిస్తే అడాప్టివ్ వల్ల ఎక్కడ లాభమో, ఎక్కడ కాదో విద్యార్థికే తెలిసేది. వాల్‌ప్రోయేట్‌ను కూడా ఒకే ట్రయల్లో ఇరికించడం మాత్రం ఈసెట్‌కే చెల్లింది, అది ఒప్పుకోవాలి.

ఈసెట్ తరువాయి భాగాన్ని సార్ బాగా చెప్పారు. పెద్దవాళ్లలో ఆపేశాక కూడా పిల్లల చేరిక కొనసాగింది. 462 మందితో వయసుల వారీగా విడదీసిన ఫలితాలు 2020లో లాన్సెట్‌లో వచ్చాయి, పిల్లల్లో, పెద్దల్లో, ముసలివాళ్లలో మూడు మందులూ అదే వరస. పిల్లల్లో మాత్రం ఫాస్‌ఫెనిటోయిన్ ఇచ్చినవాళ్లకు గొంతులో గొట్టం వేయాల్సి రావడం ఎక్కువ. ఇంకో ముచ్చట: చేర్చుకున్నవాళ్లలో 10 శాతం మందివి మానసిక కారణాల వల్ల వచ్చినవని, మెదడులో పుట్టిన ఫిట్స్ కావని తర్వాత తేలింది. ఎమర్జెన్సీలో అంత హడావిడిలో తేడా పట్టడం ఎవరి వల్ల అవుతుంది! ఆ 10 శాతాన్ని విశ్లేషణలో ఉంచాలా తీసేయాలా అన్నది మాకు హోంవర్క్. అలాంటి ప్రశ్న నాకు ఏ ఇంటర్వ్యూలోనూ ఎదురుకాలేదు, ఎదురవ్వాలి.

ఇక తిట్లు. ల్యాబ్‌లో సిస్టమ్స్ మ్యూజియంలో పెట్టదగినవి. సగం వాటిలో ఆర్ పాత వెర్షన్, ప్యాకేజీలు ఎక్కవు, అడిగితే నెట్ స్లో అంటారు. వెయ్యి ట్రయల్స్ సిమ్యులేట్ చేయమంటే పెట్టిన రన్ పెట్టినట్టే ఉంటుంది. మీ లాప్‌టాప్ తీసుకెళ్లండి, చార్జర్‌తో పాటు ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా. గదికి ఒకే ప్లగ్గు. కింద కర్రీ పాయింట్ ఉంది, పదకొండున్నరకు పోపు ఘాటు పైకి వచ్చిందంటే ఇక ఎవరికీ బేస్ థియరం ఎక్కదు. రికార్డింగులు ఇస్తామన్నారు, ఇచ్చిన లింకు కోర్సు అయిపోగానే మూసేశారు. సార్ ఊళ్లో లేనప్పుడు వచ్చిన కుర్రాడు స్లైడ్లు చదివి వినిపించాడు, ప్రయర్ (డేటా రాకముందు పెట్టుకునే అంచనా) ఎందుకు అలా ఎంచుకున్నారంటే "డిఫాల్ట్ మేడమ్" అన్నాడు. చివర్లో ప్లాట్‌ఫాం ట్రయల్స్ (ఒకే చట్రంలో మందులను చేరుస్తూ తీసేస్తూ సాగేవి) అని రీమ్యాప్-క్యాప్ వంటివి ఒకే గంటలో లాగించేశారు, అలా చెప్పే బదులు చెప్పకపోయినా నష్టం లేదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర. "మేడమ్, ఇది ఎఫ్‌డీఏ రికగ్నైజ్డ్ సర్టిఫికెట్, బయట ప్యాకేజీలు మామూలుగా ఉండవు" అని అక్కడి అమ్మాయి నవ్వుతూ చెప్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ ఇలాంటి కోర్సులకు గుర్తింపు ఇవ్వదు. 2019 నవంబరులో అడాప్టివ్ డిజైన్ల మీద మార్గదర్శక పత్రం ఒకటి విడుదల చేసింది, అది వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, సార్ కూడా దాన్నే చదవమంటారు. ఆ అమ్మాయినీ అనేం లాభం లేదు, ఆమెకు ఇచ్చిన స్క్రిప్ట్ అది. కానీ ఊళ్లో అప్పు చేసి హాస్టల్లో ఉంటున్న బీఫార్మసీ పిల్లలు ఆ మాట నమ్మి చేరుతున్నారు. అడాప్టివ్ డిజైన్ కట్టే పని ఫ్రెషర్‌కు ఎవరూ ఇవ్వరు, అది సీనియర్ స్టాటిస్టిషియన్ల చేతిలో ఉంటుంది. ఫ్రెషర్లయితే ముందు బేసిక్ సాస్, సీడిస్క్ (ట్రయల్ డేటాను అమర్చే ప్రమాణాలు) నేర్చుకుని ఉద్యోగంలో చేరండి, ఇది తర్వాత చూసుకోవచ్చు.

నాలాగా ఇప్పటికే టేబుల్స్ చేస్తూ, వాటి వెనక నిర్ణయం ఎలా జరుగుతుందో తెలియక సతమతమయ్యేవాళ్లకు మాత్రం 15 వేలు ఎక్కువ కాదు. అయిదులో మూడున్నర ఇస్తాను, ఆ మూడూ సార్‌వే. ఫార్మకోవిజిలెన్స్‌లో (మందుల దుష్ప్రభావాలు గమనించే పనిలో) ఉన్నవాళ్లకు, ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ చేస్తున్న డాక్టర్లకు కూడా నప్పుతుంది, మా బ్యాచ్‌లో అలాంటాయన ఒకరు లెక్కలు రాకపోయినా హాయిగా నెగ్గుకొచ్చారు. బీటా, బైనామియల్ పేర్లయినా విని వెళ్లండి, లేకపోతే రెండో వారానికే చేతులెత్తేస్తారు.

డెమో క్లాసు ఉచితం. ఆ రోజు సార్ స్వయంగా వస్తున్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఏ క్లాసులు ఆయన తీసుకుంటారో కాగితం మీద రాసివ్వమనండి. ఫీజు రెండు వాయిదాల్లో కడతామంటే ఒప్పుకుంటారు, కాకపోతే మనం అడిగేదాకా వాళ్లు చెప్పరు. బండి మాత్రం వేసుకెళ్లకండి, ఆ సందులో పెట్టే చోటు లేదు, మెట్రో దిగి నడిస్తే అయిదు నిమిషాలు.